పైథాన్‌లో సహజ సంవర్గమానం తప్పు లేకుండా కనుక్కోవడం ఎలా?

సహజ సంవర్గమానం అంటే e (సుమారు 2.718) ఆధారంగా తీసే సంవర్గమానం. దానికి కంప్యూటర్‌లో పైథాన్ ఉంటే చాలు, వేరే ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు. మొదటి వరుసలో ఇంపోర్ట్ మ్యాథ్ అని రాయాలి. నక్షత్రం గుర్తు (*) పెట్టి మాడ్యూల్‌లోని పేర్లన్నీ ఒకేసారి దింపుకోకూడదు. లెక్కల కోసం విడిగా దొరికే నమ్‌పై అనే లైబ్రరీలోనూ లాగ్ అనే పేరే ఉంది కనుక, రెంటినీ అలా దింపుకుంటే ఏది పనిచేస్తోందో తెలియదు. సున్నా ఇస్తే మ్యాథ్‌లోని లాగ్ ఎర్రర్ చూపి ఆగిపోతుంది. నమ్‌పై లాగ్ ఒక హెచ్చరిక మాత్రం చూపి, మైనస్ అనంతాన్ని చేతికిచ్చి ముందుకు సాగుతుంది.

రెండోది, మ్యాథ్.లాగ్(2) అని రాయడం. జవాబు 0.6931471805599453. లాగ్ అంటే ఆధారం 10 అని ఇంటర్‌లో లాగ్ టేబుల్స్ చూసిన అలవాటును ఇక్కడ వదులుకోవాలి. ఎక్సెల్‌లో లాగ్(10) విలువ 1, పైథాన్‌లో అదే 2.302585092994046.

వేరే ఆధారం కావాలంటే రెండో విలువగా దాన్ని ఇవ్వవచ్చని చాలామంది చెబుతారు, కానీ నేను ఒప్పుకోను. మ్యాథ్.లాగ్(1000, 10) ఇచ్చేది 3 కాదు, 2.9999999999999996. దాన్ని పూర్ణాంకంగా మారిస్తే 2 అవుతుంది, అంకెలు లెక్కపెట్టే ప్రోగ్రామ్ 1000లో మూడే అంకెలున్నాయంటుంది. ఆధారం 10కి లాగ్10, ఆధారం 2కి లాగ్2 విడిగా ఉన్నాయి, వాటినే వాడాలి.

ఇక అందరూ బోల్తా పడేది ఒకటికి చాలా చిన్న సంఖ్యను కలిపి సంవర్గమానం తీసేటప్పుడు. పైథాన్ దశాంశ సంఖ్యలో నమ్మదగినవి సుమారు 16 అంకెలే. 1 తరువాత కంప్యూటర్‌కు తెలిసిన సంఖ్య దాదాపు 2.22×10⁻¹⁶ దూరంలో ఉంటుంది, మధ్యలో ఏమీ లేదు. ఆ దూరాన్ని ఒక మెట్టు అనుకుంటే, 1కి 10⁻¹⁵ కలిపినప్పుడు అది నాలుగున్నర మెట్లకు కాస్త పైన పడుతుంది కాబట్టి ఐదో మెట్టుకు సర్దుకుంటుంది; లాగ్ ఇచ్చే జవాబు 1.11×10⁻¹⁵, అంటే 11 శాతం తప్పు. 10⁻¹⁶ కలిపితే ఏకంగా సున్నా. తప్పు లాగ్‌ది కాదు, అంతకు ముందే జరిగిపోయిన కూడికది. అందుకే ఫలితాన్ని ఎన్ని అంకెలకు రౌండ్ చేసినా అది బాగుపడదు.

దీనికి మందు మ్యాథ్.లాగ్1పీ. దానికి చిన్న సంఖ్యను మాత్రమే ఇవ్వాలి, ఒకటిని అదే కలుపుకుంటుంది. ఈ మాట ఎంత చెప్పినా అలవాటుకొద్దీ 1.07 ఇచ్చేవాళ్లను చూస్తూనే ఉన్నాను. ఏటా 7 శాతం చక్రవడ్డీతో సొమ్ము రెట్టింపు కావడానికి పట్టే కాలం కోసం లాగ్(2)ను లాగ్1పీ(0.07)తో భాగిస్తే సుమారు 10.24 ఏళ్లు వస్తుంది, 0.07కు బదులు 1.07 ఇస్తే ఏడాది తిరగకుండానే రెట్టింపవుతుందని తేలుతుంది. ఎర్రర్ ఏదీ రాదు, అదే ప్రమాదం.

ఆ చిన్న సంఖ్యను తెచ్చే దారి కూడా ముఖ్యమే. నేటి ధరను నిన్నటి ధరతో భాగించి అందులోంచి 1 తీసేస్తే అంకెలు అక్కడే పోతాయి, తరువాత లాగ్1పీ వాడినా ప్రయోజనం ఉండదు. ముందు రెండు ధరల తేడా తీసి, దాన్ని నిన్నటి ధరతో భాగించాలి. సంవర్గమానం నుంచి శాతానికి వెనక్కి రావాలన్నా ఎక్స్‌ప్ (e ఘాతాన్ని లెక్కించే ఫంక్షన్) ఫలితంలోంచి 1 తీసేయకూడదు, ఎక్స్‌ప్‌ఎమ్1 వాడాలి.