గోడోలో మెట్లు చేత్తో పేర్చకండి

అలిపిరి నడకదారిని గోడో (Godot) అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో చిన్న గేమ్‌గా కడుతున్నాను. కొండకి 3,550 మెట్లు. గాలిగోపురం దాకా అయినా ఒక్కొక్కటీ చేత్తో పెట్టడం అయ్యే పని కాదు. అందుకని గోడో ఎడిటర్‌కే ఒక ప్లగిన్, అంటే ఆ పని చేసిపెట్టే చిన్న అదనపు ప్రోగ్రామ్, రాశాను. చాలా సులువు, మీరూ రాసుకోండి.

గోడో 4లో ప్రాజెక్ట్ సెట్టింగ్స్, ప్లగిన్స్ ట్యాబ్, అందులో 'క్రియేట్ న్యూ ప్లగిన్'. పేరిస్తే యాడాన్స్ ఫోల్డర్‌లో కావలసిన ఫైళ్లు అదే తయారుచేస్తుంది. స్క్రిప్టు మొదట్లో ఉండే '@టూల్' తీసేయకండి, అది ఉంటేనే కోడ్ ఎడిటర్‌లో నడుస్తుంది. ప్లగిన్ మొదలైనప్పుడు నడిచే '_ఎంటర్_ట్రీ'లో టూల్ మెనూకి 'మెట్లు పేర్చు' అని కలపండి, ఆపినప్పుడు నడిచే '_ఎగ్జిట్_ట్రీ'లో అదే పేరుతో తీసేయండి.

అసలు చిక్కు ఇక్కడుంది, నాకు రెండు సాయంత్రాలు పట్టింది. మెనూ నొక్కగానే మెట్లన్నీ తెరమీద వరసగా వచ్చాయి. కానీ పక్కనున్న సీన్ ట్రీలో, అంటే సీన్‌లో ఏమేం ఉన్నాయో చూపే జాబితాలో, ఒక్కటీ లేదు. సేవ్ చేసి, మూసి, మళ్లీ తెరిస్తే ఖాళీ కొండే! కారణం ఓనర్, అంటే ఆ మెట్టు ఏ సీన్‌కి చెందిందో చెప్పే గుర్తు; అది లేకపోతే సీన్‌తో పాటు సేవ్ కాదు. ప్రతి మెట్టునీ 'యాడ్_చైల్డ్'తో సీన్‌లో చైల్డ్‌గా కలిపిన వెంటనే, మనం ఎడిట్ చేస్తున్న సీన్ రూట్‌ని (ట్రీలో అన్నిటికన్నా పైనున్నదాన్ని) ఓనర్‌గా పెట్టాలి. చైల్డ్‌గా కలపకముందే పెడితే ఎర్రర్ వస్తుంది, వరస తప్పొద్దు.

ఇంకొకటి, కంట్రోల్ జెడ్ దానంతటది పనిచేయదు. 'గెట్_అన్‌డూ_రీడూ' ద్వారా చేస్తేనే వెనక్కి పోతుంది. అది పెట్టేదాకా మెనూ నొక్కేముందు సీన్ సేవ్ చేసుకోండి.