దూరం దానిష్టం, వేళ మనిష్టం: మొండి పిల్లిని బయట తిరగనివ్వడం ఎలా

మా పిల్లి పేరు కరణం. మామూలు వీధి జాతి గండుపిల్లి. ఒంటి నిండా పసుపు చారలు, తలుపు మూస్తే వీధి చివరిదాకా వినబడే గొంతు. రోజూ చుట్టుపక్కల ప్రహరీ గోడలన్నీ ఎక్కి ఎవరి హద్దు ఎక్కడుందో చూసుకుని వస్తేగాని దానికి తిండి సయించదు. అందుకే ఆ పేరు పెట్టాం. పిల్లిని ఇంట్లోనే ఉంచమని డాక్టర్లు చెబుతారు. వాళ్ల మాట తప్పు కాదు. లోపల ఉండే పిల్లికి ప్రమాదాలు తక్కువ, ఆయుష్షు ఎక్కువ. కాకపోతే కొన్ని పిల్లులు ఎన్ని బొమ్మలు పెట్టినా, ఎంత ఆడించినా తలుపు దగ్గర అరుస్తూనే ఉంటాయి, దోమతెరలు చింపుతాయి, పాలవాడికి తలుపు తీసిన క్షణంలో కాళ్ల సందునుంచి దూసుకుపోతాయి. దొంగతనంగా పారిపోయే పిల్లి కంటే చెప్పి పంపిన పిల్లే నయమని నా లెక్క.

సికింద్రాబాద్ వైపు ఓ పాత కాలనీలో మా ఇల్లు. కింద రెండు గదులు, పైన డాబా, పెరట్లో జామచెట్టు. మీది మెయిన్ రోడ్డు పక్క ఇల్లైనా, నాలుగో అంతస్తు ఫ్లాటైనా, గేటు ముందే పది కుక్కల గుంపు కాపురం ఉన్నా ఇక్కడితో ఆపేసి, బాల్కనీకి గట్టి నెట్ కట్టించండి. చెవుడున్న పిల్లిని, చూపు తగ్గిన పిల్లిని కూడా ఒంటరిగా బయటికి పంపకూడదు.

గడప దాటడానికి ముందు రెండు పనులు కావాలి. మొదటిది పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషన్. ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకు వచ్చి, మరో రెండు నెలలకు పిల్లల్ని పెట్టేయగలదు. గండుపిల్లికి ఆపరేషన్ చేయించకపోతే ఆడపిల్లి వాసన పట్టుకుని వీధులు దాటి పోతుంది, పోట్లాడి చీము గడ్డలతో వస్తుంది. ఆపరేషన్ తర్వాత మా కరణం పొగరు తగ్గలేదు గానీ తిరిగే మేర మాత్రం బాగా తగ్గింది. రెండోది టీకాలు. ఎనిమిది వారాల వయసు నుంచి మూడు రోగాలకు కలిపి వేసే ట్రైక్యాట్, మూడు నెలలు నిండాక రేబిస్, ఆ తర్వాత డాక్టర్ చెప్పిన గడువుకి బూస్టర్లు. ఏటా జూలై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకి సోకే రోగాల దినం) పేరుతో ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. అక్కడ కుక్కల హడావుడి ఎక్కువ కాబట్టి పిల్లిని బుట్టలో పెట్టి, పైన గుడ్డ కప్పి తీసుకెళ్లండి.

కొత్తగా తెచ్చిన పిల్లినైనా, ఇల్లు మారినప్పుడు వెంట తెచ్చుకున్న పిల్లినైనా మూడు నాలుగు వారాలు గడప దాటనివ్వకూడదు. అది ఎంత అరిచినా సరే. ఆ లోపల వదిలితే పాత ఇంటిని వెతుక్కుంటూ పోయే పిల్లులున్నాయి.

ఈ వారాలు ఊరికే పోనివ్వకండి, పిలుపు నేర్పండి. అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. ఒక్క చప్పుడు ఎంచుకోండి. మా ఇంట్లో అది ఎండు నెత్తళ్ల స్టీలు డబ్బా. ఆ డబ్బాని ఇంకెందుకూ కదిలించం. డబ్బా గలగలలాడితే చేప ముక్క రావాల్సిందే. ఎండు చేపలో ఉప్పు ఎక్కువ కాబట్టి నీళ్లలో నానబెట్టి, రెండు మూడుసార్లు కడిగి, గోరంత ముక్క పెడతాను. పక్కగదిలో ఉన్నప్పుడు, డాబా మీద ఉన్నప్పుడు, నిద్రలో ఉన్నప్పుడు పిలిచి చూడండి. ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చిన రోజునే అది బయటికి వెళ్లడానికి అర్హత సంపాదించినట్టు.

ఇందులో రెండు నియమాలు ఉన్నాయి. ఆ చప్పుడుతో పిలిచి ఎప్పుడూ మందు వేయకండి, స్నానం చేయించకండి, తిట్టకండి. అలాగే పిలిచిన ప్రతిసారీ తలుపు మూసేయకండి. మధ్యమధ్యలో పిలిచి, ముక్క పెట్టి, మళ్లీ బయటికి వదిలేయాలి. పిలుపంటే జైలని ఒకసారి అర్థమైందా, మొండిపిల్లి గోడమీద కూర్చుని మీ వైపే చూస్తుంది తప్ప దిగదు. మా చెల్లెలు ఇది వినదు. చీకటి పడే వేళకే పిలిచి, రాగానే గడియ పెట్టేస్తుంది. వాళ్ల పిల్లి కోసం ఇంటిల్లిపాదీ రాత్రి తొమ్మిదింటికి టార్చిలైట్లు పట్టుకుని తిరుగుతారు.

ఆకలి కూడా మనవైపు ఉండాలి. గిన్నెలో రోజంతా తిండి పడుంటే ఇంటికి రావాల్సిన అవసరం దానికేముంది? పొద్దున కొంచెం పెట్టండి, సాయంత్రం తిరిగొచ్చాక కడుపునిండా పెట్టండి. మాంసకృత్తులు ఎక్కువున్న తిండి పెడితే, రోజూ కాసేపు ఈకతోనో తాడుతోనో ఆడిస్తే పిల్లి వేటాడి తెచ్చే జీవాలు తగ్గాయని ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీవాళ్లు 2021లో ప్రచురించారు. మంచి తిండితో 36 శాతం, ఆటతో 25 శాతం తగ్గాయట. మెడలో గంట కడితే పెద్ద తేడా కనబడలేదన్నారు. నేనూ గంట కట్టలేదు, దాని చప్పుడుతో ముందు నాకే పిచ్చెక్కేలా ఉంది.

ఇక వేళల సంగతి. మా వీధిలో తెల్లవారుజామున, రాత్రి పది దాటాక కుక్కలదే రాజ్యం. ఏడున్నర నుంచి తొమ్మిది వరకు స్కూలు వ్యాన్లు, ఆఫీసు బండ్లు. అందుకని కరణానికి గేటు తొమ్మిదిన్నరకు తెరుస్తాను, పదకొండున్నరకు పిలుస్తాను. మధ్యాహ్నం అది ఎలాగూ పడుకుంటుంది. మళ్లీ నాలుగున్నరకు వదిలి, ఇంకా వెలుతురు ఉండగానే పిలిచేస్తాను. మసకచీకటి పిల్లికి వేట వేళ. ఆ మత్తులో పడ్డాక డబ్బా కాదు కదా, పెళ్లి బ్యాండు మోగినా వినదు. ఈ వేళలు పాటిస్తే ఇంకో లాభం కూడా ఉంది. ఎదురింటి అంకుల్‌కి శకునాల పట్టింపు ఎక్కువ. "అమ్మా, పొద్దున్నే మీ పిల్లి ఎదురొచ్చింది, వెళ్లిన పని కాలేదు" అని మొదట్లో రెండుసార్లు మా గేటు కొట్టారు. వాదించలేదు. "మీరు బయల్దేరాకే వదులుతానండీ" అన్నాను. ఇప్పుడు వాళ్ల కోడలే దానికి పాలమీగడ పెడుతోంది. పెద్ద పిల్లులు చాలావాటికి పాలు అరగవు, వద్దని చెప్పినా వినడం లేదు, అది వేరే కథ.

మొదటి కొన్ని రోజులు హార్నెస్, అంటే ఛాతీ చుట్టూ తొడిగే పట్టీ, వేసి తాడుతో మీరే వెంట తిరగండి. ఎటు పోతుందో, ఏది చూసి బెదురుతుందో తెలుస్తుంది. తర్వాత తాడు విప్పి, తిండికి ముందు ఓ పావుగంట వదలండి. తలుపు తెరిచే ఉంచండి. భయపడిన పిల్లి వెనక్కి పరుగెత్తినప్పుడు మూసిన తలుపు ఎదురైతే రోడ్డు పట్టుకుంటుంది.

కుక్క వెంటబడినప్పుడు పిల్లిని కాపాడేది ఎత్తే. మీ ప్రహరీ గోడ చుట్టూ పిల్లి కళ్లతో ఓసారి చూసిరండి. ప్రతి పది పదిహేను అడుగులకీ పైకెక్కే ఆధారం ఏదో ఒకటి కనబడాలి. మేం జామచెట్టు మొదలుకి గోనెసంచి చుట్టి కట్టాం, గోడ నుంచి సన్‌షేడ్ మీదికి ఓ పలక వేశాం, గేటు కింద కుక్క దూరలేని సందు వదిలాం. దొంగల భయంతో గోడమీద గాజుపెంకులు గుచ్చిన ఇళ్లు పాత కాలనీల్లో ఎక్కువ. మావైపు గోడమీద పెంకులు తీసేయించి సిమెంటు పూయించాం. సంపు మూత, పాతబావి మీద జాలీ, డాబామీద ట్యాంకు మూత కూడా చూసుకోండి. నున్నటి గోడలున్న సంపులో పడిన పిల్లి ఎక్కి రాలేదు. చలికాలం, వానాకాలం ఆగివున్న కారు ఇంజిన్ మీద పడుకుంటాయి కాబట్టి, కారు తీసేముందు బానెట్ మీద గట్టిగా రెండు దెబ్బలు వేయమని చుట్టుపక్కలవాళ్లకి కూడా చెప్పండి.

కుక్కల కంటే నాకు ఎలుకల మందంటే ఎక్కువ భయం. కుక్క కనబడుతుంది, మందు కనబడదు. కిరాణా కొట్లో దొరికే రంగు బిళ్లల్లో చాలావాటిలో బ్రోమాడియోలోన్ ఉంటుంది. అది రక్తం గడ్డకట్టనివ్వదు. మందు తిని మందగించిన ఎలుకని పిల్లి పట్టుకు తింటే ఆ విషం పిల్లికీ చేరుతుంది. లక్షణాలు వెంటనే రావు. రెండు మూడు రోజులకో, ఇంకా ఆలస్యంగానో చిగుళ్లు పాలిపోవడం, ముక్కులోంచి రక్తం, నల్లటి విరేచనం కనబడతాయి. దీనికి విటమిన్ కె1తో వైద్యం ఉంది, తొందరగా పట్టుకుంటే పిల్లి బతుకుతుంది. పిండిలో కలిపి పెట్టే బూడిదనల్ల పొడి, అంటే జింక్ ఫాస్ఫైడ్, అలా కాదు. గంటల్లో పనిచేస్తుంది, విరుగుడు లేదు. ఏది తిన్నదన్న అనుమానం వచ్చినా ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయకండి. మందు కవరు దొరికితే అది పట్టుకుని నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ముందుజాగ్రత్తగా నేను చేసింది ఒకటుంది. రెండు ఎలుకల బోన్లు కొని, మందు పెట్టే ఇళ్లకి అడిగినప్పుడల్లా ఇస్తాను. "మందు పెడితే ఎలుక అటక మీద చచ్చి వారం కంపు కొడుతుంది పిన్నిగారూ" అంటే పిల్లి మీద ప్రేమ లేనివాళ్లు కూడా బోను తీసుకుంటారు.

మనింట్లోనే ఉండే విషాలు రెండు. కుక్కల గోమార్లకు వేసే పర్మెత్రిన్ మందు పిల్లి ఒంటికి తగలకూడదు. జ్వరం వచ్చిందని పారాసిటమాల్ ముక్క కూడా వేయకూడదు, ఒక్క బిళ్ల ప్రాణం తీస్తుంది.

సంక్రాంతి, దీపావళి రోజుల్లో బయటి తిరుగుడుకి సెలవు. గాలిపటాల నైలాన్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించినా మా చెట్లకి పండగ పోయిన వారాల తర్వాత కూడా అది వేలాడుతూనే ఉంటుంది. చీపురుకట్టకి చుట్టి లాగేసి, ముక్కలు చేసి పారేస్తాను. దీపావళికి చప్పుళ్లు మొదలవకముందే, అంటే రెండుమూడు రోజుల ముందు నుంచే లోపల ఉంచి, మంచం కింద పాత చీర పరుస్తాను.

మెడపట్టీ వేస్తే లాగగానే ఊడిపోయే రకమే వేయండి. మామూలు బకిల్ పట్టీ కొమ్మకి తగులుకుంటే ఉరితాడవుతుంది. దానిమీద ఫోన్ నంబరు చాలు. పట్టీ ఊడినా పోనిది మైక్రోచిప్. చర్మం కింద పెడతారు, స్కానర్‌తో చదివే పదిహేను అంకెల నంబరు ఉంటుంది, కానీ పిల్లి ఎక్కడుందో అది చూపించదు. పట్టీకి తగిలించే ఆపిల్ ట్యాగులు దగ్గర్లో ఐఫోన్ ఉంటేనే జాడ చెబుతాయి. మా వీధిలో ఐఫోన్లెన్నో వేళ్లమీద లెక్కపెట్టొచ్చు.

సాయంత్రం రాగానే తిండి పెడుతూ ఒళ్లంతా చేత్తో తడమండి. పిల్లి కోర పోటు పైకి చిన్న చుక్కలా మూసుకుపోయి, రెండు మూడు రోజులకి లోపల చీము పడుతుంది. కుక్కో, తెలియని జంతువో కరిచిందనిపిస్తే చేతికి తొడుగు వేసుకుని ముట్టుకోండి, రేబిస్ టీకా ఉన్నా సరే డాక్టర్‌కి చూపించండి. పిల్లి మిమ్మల్ని కరిచినా, రక్కినా పదిహేను నిమిషాలు ధారగా పడే నీళ్లతో, సబ్బుతో కడుక్కుని ఆస్పత్రికి వెళ్లండి. బల్లుల్ని తినే పిల్లులకి బల్లుల ద్వారా కాలేయానికి పురుగు సోకుతుంది. అన్నం మానేసి కళ్లు పచ్చబడితే డాక్టర్‌తో బల్లుల సంగతి తప్పకుండా చెప్పండి.

వేళ దాటినా రాకపోతే బజారంతా తిరగకండి. ముందు మీ ఇంటి చుట్టూ ఉన్న ఇళ్లు చూడండి. మెట్లకింద గదులు, షెడ్లు, సంపులు, కారుకింద. రాత్రి వీధి సద్దుమణిగాక టార్చి నేలబారుగా తిప్పండి, కళ్లు మెరుస్తాయి. డబ్బా ఊపి, కాసేపు ఆగి, వినండి. దెబ్బతిన్న పిల్లి, ఇరుక్కున్న పిల్లి పిలిచినా రాదు, చిన్నగా మూలుగుతుంది. ఆ రోజు ఎవరు ఇల్లు తాళం వేసి ఊరెళ్లారో కనుక్కుని, వాళ్లకి ఫోన్ చేసి స్టోర్‌రూమ్ తీయించండి.