తొలి స్కూబా రెగ్యులేటర్: తక్కువ ఖర్చులో ఏది కొనాలి

సిలిండర్‌లోని గాలిని పీల్చుకునేలా అందించే పరికరమే రెగ్యులేటర్. బ్రాండ్ కంటే ముందు, మీకు అందుబాటులో సర్వీస్ ఎవరు చేస్తారో కనుక్కోండి. తయారీదారు చెప్పిన గడువుకు ఓ-రింగులు (లీక్ ఆపే రబ్బరు రింగులు), సీట్లు (వాల్వ్ మూసుకునే చోటి మెత్తటి భాగాలు) మార్చాలి. ఆ విడిభాగాల కిట్ దొరకకపోతే చవకగా కొన్నది వృథా. ధర చూసేటప్పుడు ఆక్టోపస్‌నూ (తోటి డైవర్‌కు ఇచ్చే అదనపు మౌత్‌పీస్) ప్రెషర్ గేజ్‌నూ కూడా లెక్కలో వేసుకోండి.

సిలిండర్‌లోని 200 బార్ పీడనాన్ని ఫస్ట్ స్టేజ్ (సిలిండర్‌కు తగిలించే భాగం), చుట్టూ ఉన్న నీటి పీడనం కంటే సుమారు 9-10 బార్లు ఎక్కువ ఉండేలా తగ్గిస్తుంది. స్కూబాప్రో ఎంకే2 లాంటి అన్‌బ్యాలెన్స్‌డ్ (సిలిండర్ పీడనాన్ని బట్టి పనితీరు మారే) పిస్టన్ రకంలో కదిలే భాగాలు తక్కువ, సర్వీసూ చవక. లోతులో ఉండగా సిలిండర్ 50 బార్లకు దిగితే మాత్రం శ్వాస కాస్త బరువవుతుంది. వెచ్చటి నీటిలో, 18 మీటర్లలోపు డైవ్ చేసే కొత్తవాళ్లకు ఇదే సరైనదని మా అభిప్రాయం. చన్నీటికైతే లోపలికి నీరు చేరకుండా సీల్ చేసిన డయాఫ్రమ్ (వంగే పలుచటి పొర) రకం తీసుకోండి. లేకపోతే లోపల మంచు పట్టి గాలి ఆగకుండా బయటికి వచ్చేయవచ్చు.

వాల్వ్‌కు బిగింపుతో పట్టే యోకా, మరతో బిగించే డిన్నా? మీరు వెళ్లే డైవ్ సెంటర్‌లో సిలిండర్ వాల్వ్ ఏదో అడగండి. డిన్ రెగ్యులేటర్‌కు అడాప్టర్ పెడితే యోక్ వాల్వ్‌కూ సరిపోతుంది.

సెకండ్‌హ్యాండ్ అయితే ఫస్ట్ స్టేజ్ ఫిల్టర్ చూడండి. పచ్చబడితే ఉప్పునీరు లోపలికి వెళ్లిందన్నమాట, వదిలేయండి. డస్ట్ క్యాప్ బిగించి మౌత్‌పీస్‌తో మెల్లగా పీల్చండి. గాలి వస్తే మౌత్‌పీస్ ఉన్న భాగంలోని డయాఫ్రమో, వదిలిన గాలి బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వో లీకవుతోంది. సిలిండర్‌కు తగిలించాక ఇంటర్మీడియట్ పీడనం (ఫస్ట్ స్టేజ్ తగ్గించి పంపే పీడనం) స్థిరపడకుండా పెరుగుతూ పోతే సీటు అరిగినట్టే. హోస్‌లను చివర్ల దగ్గర వంచి పగుళ్లు వెతకండి. ఏమీ తేలకపోయినా సర్వీస్ చేయించకుండా నీళ్లలో దిగకండి.