పాత గ్రాఫిక్స్ కార్డుతో సైబర్‌పంక్ 2077 ఆడటం ఎలా?

కొత్త గేమ్ ఇన్‌స్టాల్ చేశాక ఆట ముక్కలు ముక్కలుగా నడుస్తుంటే చాలామంది చేసే మొదటి పని, అన్నిటినీ ‘లో’ ప్రీసెట్‌కి (గేమ్ ముందే కుదిర్చి ఉంచిన తక్కువ స్థాయి సెట్టింగ్స్‌కి) దించేయడం. దాంతో బొమ్మ వెలవెలబోతుంది, కుదుపులు మాత్రం చాలాసార్లు అలాగే ఉంటాయి. మీ సిస్టమ్‌లో ఇబ్బంది పడుతున్నది గ్రాఫిక్స్ కార్డా, దాని మెమరీనా, ప్రాసెసరా, ర్యామా అన్నది ప్రీసెట్‌కి తెలియదు. అది మీరు కనిపెడితే తగ్గించాల్సినవి నాలుగైదే ఉంటాయి.

ఉదాహరణకి సైబర్‌పంక్ 2077ని తీసుకుందాం. ఇది 2020 డిసెంబరులో వచ్చింది కదా, పాత గేమే అనుకోకండి. 2023 సెప్టెంబరులో వచ్చిన 2.0 అప్‌డేట్‌తో దీని కనీస అవసరాలు పెంచేశారు. అంతకుముందు హార్డ్‌డిస్క్ ఉన్నా సరిపోయేది, ఆ తర్వాత అంతకంటే వేగమైన ఎస్ఎస్‌డీ తప్పనిసరి అన్నారు. కార్డు కనీసం 6 జీబీ ఉన్న జీటీఎక్స్ 1060, ర్యామ్ 12 జీబీ, డిస్క్‌లో 70 జీబీ ఖాళీ. ఇంజనీరింగ్‌లో చేరేటప్పుడు ఇంట్లో కొనిపెట్టిన ల్యాప్‌టాప్‌లో జీటీఎక్స్ 1650, 4 జీబీ గ్రాఫిక్స్ మెమరీ, 8 జీబీ ర్యామ్ ఉన్నాయనుకుందాం. కనీస స్థాయికి కిందే ఉన్నట్టు. అయినా ఆడొచ్చు, 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 60 ఫ్రేములు) మీద ఆశ వదులుకుంటే.

గేమ్ తెరవకముందు

సెట్టింగ్స్ ముట్టుకోకముందే సరిచేయాల్సినవి కొన్ని ఉన్నాయి. వీటిని వదిలేసి షాడోలు తగ్గించుకుంటూ కూర్చుంటే ప్రయోజనం లేదు.

ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి ఆడండి. బ్యాటరీ మీద కార్డు పూర్తి శక్తితో పనిచేయదు. తర్వాత, గేమ్ అసలు ఏ కార్డు మీద నడుస్తోందో చూసుకోండి. ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్‌తోపాటు వచ్చే చిన్న గ్రాఫిక్స్ ఒకటి, ఎన్విడియా కార్డు ఒకటి, రెండూ ఉంటాయి. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ అని వెళ్లి, గేమ్‌ని జాబితాలో చేర్చి, ‘హై పెర్ఫార్మెన్స్’ ఎంచుకోండి.

ఇప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ కింద మెమరీ చూడండి. ‘స్లాట్స్ యూజ్డ్’ ఎదురుగా రెండింటిలో ఒకటి అని ఉంటే మీ ర్యామ్ ఒకే స్టిక్‌గా ఉందన్నమాట. అంటే ప్రాసెసర్‌కీ మెమరీకీ మధ్య ఉన్న రెండు దారుల్లో ఒకటి మూసి ఉన్నట్టే. ఖాళీ స్లాట్‌లో అదే రకం 8 జీబీ స్టిక్ ఇంకొకటి పెడితే వచ్చే తేడా ఏ సెట్టింగ్ మార్చినా రాదు. డబ్బు పెట్టదలిస్తే కూలింగ్ ప్యాడ్ కంటే ముందు దీనికే పెట్టమంటాను. అది కుదరకపోతే ఆడేటప్పుడు బ్రౌజర్‌ని పూర్తిగా మూసేయండి. 8 జీబీలో విండోస్‌కి పోగా మిగిలే కొంచెంలో పది క్రోమ్ ట్యాబ్‌లకి చోటు లేదు.

గేమ్ హార్డ్‌డిస్క్‌లో ఉంటే ఎస్ఎస్‌డీకి మార్చండి. బండి వేగంగా నడుపుతుంటే ముందున్న రోడ్డు సమయానికి లోడ్ కావాలి. హార్డ్‌డిస్క్ ఆ వేగం అందుకోలేదు.

కొలవకుండా మార్చొద్దు

ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ ఉచితంగా దొరుకుతుంది. దాంతో వచ్చే రివాట్యూనర్ స్క్రీన్ మూలన అంకెలు చూపిస్తుంది. ఎఫ్‌పీఎస్ ఒక్కటే పెట్టుకుంటే చాలదు. కార్డు వాడకం, గ్రాఫిక్స్ మెమరీ, ప్రాసెసర్, ర్యామ్, టెంపరేచర్, ఫ్రేమ్ టైమ్ గ్రాఫ్ కూడా పెట్టుకోండి.

ఫ్రేమ్ టైమ్ అంటే ఒక్కో ఫ్రేము తయారవడానికి పట్టే సమయం. 60 ఎఫ్‌పీఎస్‌కి 16.7 మిల్లీసెకన్లు, 30కి 33.3. సగటు 45 ఎఫ్‌పీఎస్ వస్తున్నా మధ్యలో ఒక ఫ్రేము 120 మిల్లీసెకన్లు తీసుకుంటే చేతికి కుదుపు తెలుస్తుంది. గీత నిటారుగా ఎగిరి పడటమే అసలు సమస్య. సగటు 35 ఉన్నా గీత సాఫీగా ఉంటే ఆట హాయిగా సాగుతుంది.

గ్రాఫిక్స్ మెనూలో గేమ్ సొంత బెంచ్‌మార్క్, అంటే వేగం కొలిచే పరీక్ష ఉంది. ప్రతి మార్పు తర్వాత దాన్ని నడిపి పోల్చుకోండి. కానీ అది చూసి మాత్రమే నిర్ణయించుకోవద్దు. సేవ్ తెరిచి, జపాన్‌టౌన్ మార్కెట్ లాంటి జనం ఎక్కువగా ఉన్న చోట రాత్రిపూట నడవండి. అక్కడ నిలబడిన సెట్టింగ్స్ మిగతా ఊరంతా నిలబడతాయి. ఈ గేమ్‌కి అదనపు భాగమైన ఫాంటమ్ లిబర్టీ కొన్నవాళ్లు అందులోని డాగ్‌టౌన్ ప్రాంతంలో చూసుకోవాలి.

అంకెలు ఇలా చదవండి. కార్డు వాడకం 95 శాతం దాటి అక్కడే ఉంటే భారం కార్డు మీద పడుతోంది. ఎఫ్‌పీఎస్ తక్కువగా ఉన్నా కార్డు 60, 70 శాతం దగ్గరే తిరుగుతుంటే అది ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తోంది. ప్రాసెసర్ మొత్తం వాడకం 60 శాతమే అని మోసపోకండి, ఒక్క కోర్ నిండిపోయినా గేమ్ ఆగుతుంది. అనుమానం ఉంటే రిజల్యూషన్‌ని 1280×720కి దించి చూడండి. ఎఫ్‌పీఎస్ పెరిగితే ఇబ్బంది కార్డుది, పెరగకపోతే ప్రాసెసర్‌ది. ఈ చిన్న పరీక్ష బోలెడు సమయం మిగులుస్తుంది.

టెక్స్చర్లు: ఎఫ్‌పీఎస్‌కి సంబంధం లేదు, మెమరీకి ఉంది

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. గోడల మీద, బట్టల మీద కనిపించే వివరాలే టెక్స్చర్లు. అవి గ్రాఫిక్స్ మెమరీలో పట్టినంతవరకు మీడియం పెట్టినా హై పెట్టినా ఎఫ్‌పీఎస్‌లో పెద్దగా తేడా ఉండదు. పట్టకపోతే మాత్రం మిగిలినవి మామూలు ర్యామ్‌లో పడతాయి. పోపు డబ్బా పొయ్యి పక్కనే ఉంటే వంట సాగుతుంది, ఆవాలు కావాలన్నప్పుడల్లా అటక ఎక్కాలంటే మూకుడు మాడిపోతుంది. ఫ్రేమ్ టైమ్ గీత ఎగిరిపడేది అలాంటప్పుడే.

4 జీబీ కార్డుకి టెక్స్చర్లు మీడియంలో మొదలుపెట్టండి. పావుగంట ఆడాక మెమరీ అంచుదాకా నిండి, మలుపు తిరిగినప్పుడల్లా కుదుపు వస్తుంటే ‘లో’కి దించండి. 6 జీబీ ఉన్నవాళ్లు హై ప్రయత్నించొచ్చు. ఒక సంగతి, ఆట మధ్యలో మెనూ తెరిస్తే టెక్స్చర్ క్వాలిటీ మార్చడం కుదరదు. మెయిన్ మెనూకి బయటికొస్తేనే అది దొరుకుతుంది.

యానిసోట్రోపిక్ ఫిల్టరింగ్ అని ఇంకోటి ఉంటుంది. దూరంగా పరుచుకున్న రోడ్డు అలికినట్టు కాకుండా స్పష్టంగా కనిపించేలా చేస్తుంది. భారం చాలా తక్కువ. 8 లేదా 16 దగ్గర వదిలేయండి.

అసలు కోత ఎక్కడ?

కార్డు మీద భారం అని తేలితే ఈ వరసలో తగ్గించండి. ఒక్కొక్కటీ మార్చి చూడాలి, అన్నీ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ముందు రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల దారిని లెక్కగట్టి బొమ్మ గీసే భారమైన పద్ధతి) ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి. తర్వాత తగ్గించాల్సిన వాటిలో మొదటిది స్క్రీన్ స్పేస్ రిఫ్లెక్షన్స్. తడి రోడ్ల మీద నియాన్ లైట్ల ప్రతిబింబాలు ఇవే. ఈ గేమ్ అందం సగం అక్కడే ఉంది, భారం కూడా అక్కడే ఉంది. ‘లో’లో పెడితే ప్రతిబింబాలు కాస్త చిలకరించినట్టు కనిపిస్తాయి. అది నచ్చకపోతే పూర్తిగా ఆఫ్ చేయడమే మేలు.

రెండోది వాల్యూమెట్రిక్ ఫాగ్, అంటే గాలిలో పొగమంచూ అందులోంచి వచ్చే వెలుగూ. ‘లో’లో పెట్టినా ఆడేటప్పుడు తేడా కనిపెట్టడం కష్టం. వాల్యూమెట్రిక్ క్లౌడ్స్ సంగతీ అంతే, గేమ్ జరిగే నైట్ సిటీలో తలెత్తి మబ్బులు చూసేదెవరు?

మూడోది షాడోలు. మెనూలో వీటికి సంబంధించినవి అరడజను దాకా ఉంటాయి. క్యాస్కేడెడ్ షాడోస్ రిజల్యూషన్, లోకల్ షాడో క్వాలిటీ ‘లో’కి దించండి. కాంటాక్ట్ షాడోలు మాత్రం మనుషుల ముఖాల మీద, చిన్న వస్తువుల కింద కనిపిస్తాయి కాబట్టి చివరిదాకా ఉంచి, తప్పనిసరైతేనే తీసేయండి. యాంబియంట్ అక్లూజన్ (మూలల్లో, వస్తువులు ఆనిన చోట పడే మెత్తని నీడ) కూడా ‘లో’లో ఉంచండి, పూర్తిగా ఆపేస్తే వస్తువులు నేలకి ఆనకుండా తేలుతున్నట్టుంటాయి.

ఫిల్మ్ గ్రెయిన్, క్రోమాటిక్ అబెరేషన్, లెన్స్ ఫ్లేర్, మోషన్ బ్లర్ ఆపేస్తే ఎఫ్‌పీఎస్ పెద్దగా పెరగదు. తక్కువ రిజల్యూషన్‌లో అసలే మెత్తగా ఉన్న బొమ్మని ఇవి ఇంకా చెదరగొడతాయి, అందుకే ఆపమంటున్నాను.

ఇంత ఓపిక లేనివాళ్లకి దగ్గరి దారి ఒకటుంది. ప్రీసెట్ల వరసలో స్టీమ్ డెక్ పేరుతో ఒకటి కనిపిస్తుంది. చేతిలో పట్టుకుని ఆడే చిన్న యంత్రం కోసం గేమ్ తయారీదారులే కుదిర్చిన లెక్క అది. దాంతో మొదలుపెట్టి టెక్స్చర్లు, రిఫ్లెక్షన్లు మీకు కావాల్సినట్టు మార్చుకోవచ్చు.

రిజల్యూషన్, ఎఫ్ఎస్ఆర్

1920×1080లో దాదాపు 20 లక్షల 74 వేల పిక్సెళ్లు ఉంటాయి. 1600×900లో 14 లక్షల 40 వేలు, 1280×720లో 9 లక్షల 21 వేలు. కార్డు పని ఇంచుమించు ఈ లెక్కనే తగ్గుతుంది. అయితే నేరుగా రిజల్యూషన్ తగ్గిస్తే అక్షరాలు, మ్యాపు కూడా మసకబారతాయి. అందుకే 1080లోనే ఉంచి ఎఫ్ఎస్ఆర్ ఆన్ చేయండి. గేమ్ లోపల చిన్న బొమ్మ గీసి, దాన్ని తెలివిగా పెద్దది చేస్తుంది, మెనూలూ అక్షరాలూ పూర్తి రిజల్యూషన్‌లోనే ఉంటాయి.

ఇదే పని చేసే ఎన్విడియా వాళ్ల డీఎల్ఎస్ఎస్‌కి ఆర్‌టీఎక్స్ కార్డు కావాలి. ఏఎండీ తయారుచేసిన ఎఫ్ఎస్ఆర్ 2 జీటీఎక్స్ కార్డుల మీద కూడా పనిచేస్తుంది. క్వాలిటీలో పెడితే లోపల గీసేది 1280×720, పెర్ఫార్మెన్స్‌లో అయితే 960×540. 1080 స్క్రీన్‌కి క్వాలిటీ బాగుంటుంది, బ్యాలెన్స్‌డ్ సర్దుకుపోవచ్చు. పెర్ఫార్మెన్స్‌కి వెళ్తే జుట్టు, కంచెలు, దూరంగా కదిలే బళ్లు మినుకుమంటాయి. ఇంటెల్ వాళ్ల ఎక్స్ఈఎస్ఎస్ కూడా మెనూలో ఉంటుంది, అదీ ఒకసారి పెట్టి చూసి మీ కంటికి నచ్చింది ఉంచుకోండి.

ఫ్రేమ్ జనరేషన్ చూసి మురిసిపోవద్దు. అది రెండు అసలు ఫ్రేముల మధ్య ఒకటి కల్పించి పెడుతుంది. అసలు ఫ్రేములు 60కి దగ్గరగా వస్తున్నప్పుడే అది బాగుంటుంది. 25 వచ్చేచోట ఆన్ చేస్తే అంకె 50 చూపిస్తుంది కానీ మౌస్ బురదలో కదిలినట్టుంటుంది. పైగా దానికీ గ్రాఫిక్స్ మెమరీ కావాలి.

భారం ప్రాసెసర్ మీద ఉంటే

అప్పుడు పైన చెప్పిన కోతలేవీ పనిచేయవు. క్రౌడ్ డెన్సిటీని ‘లో’కి తగ్గించండి. వీధుల్లో జనం పలచబడతారు, ఒక్కొక్కరి కదలికలు లెక్కగట్టే పని ప్రాసెసర్‌కి తప్పుతుంది. దూరపు వస్తువులు ఎంత వివరంగా కనిపించాలో చెప్పే లెవెల్ ఆఫ్ డీటెయిల్ కూడా కాస్త దించండి. ఆపై మిగిలిన దారి ఎఫ్‌పీఎస్‌కి కళ్లెం వేయడమే.

చివరగా కళ్లెం వేయండి

ఇది భారం ఎవరి మీద ఉన్నా చేయాల్సిందే. ఎఫ్‌పీఎస్ 34 నుంచి 52 మధ్య ఊగిసలాడటం కంటే ఒకచోట నిలవడం మంచిది. రివాట్యూనర్‌లో ఫ్రేమ్‌రేట్ లిమిట్ పెట్టొచ్చు. స్క్రీన్ రిఫ్రెష్ రేటుని (సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో ఆ అంకెని) సమంగా భాగించే అంకె ఎంచుకోండి: 60 హెర్ట్జ్ అయితే 30, 120 అయితే 40, 144 అయితే 36 లేదా 48. మీ సిస్టమ్ రద్దీ వీధిలో కూడా ఆ అంకె కంటే నాలుగైదు ఎక్కువ ఇవ్వగలగాలి.

కళ్లెం వేస్తే వేడి కూడా తగ్గుతుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో ఆడేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. మొదటి పది నిమిషాలు బాగా నడిచి తర్వాత ఎఫ్‌పీఎస్ పడిపోతోందంటే, వేడెక్కి ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటోందని అర్థం. ల్యాప్‌టాప్ వెనక భాగం కొంచెం ఎత్తి పెట్టండి, ఫ్యాన్ల దుమ్ము దులిపించండి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే పవర్ ఆప్షన్స్‌లో ‘మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్’ని 99 శాతానికి తగ్గిస్తే టర్బో, అంటే ప్రాసెసర్ తానే వేగం పెంచుకోవడం ఆగిపోతుంది, వేడి గట్టిగా తగ్గుతుంది. భారం కార్డు మీద ఉన్నవాళ్లకి దీనివల్ల పెద్దగా నష్టం లేదు, ప్రాసెసరే ఇబ్బంది అయినవాళ్లు మాత్రం వాడొద్దు.

వేరే గేమ్ కొనేముందు

ఈ పద్ధతే వేరే గేములకీ పనికొస్తుంది, కానీ అన్నిటికీ కాదు. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ గేమ్, 2025 మేలో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ లేకుండా నడవవు. వాటిలో ఆఫ్ చేసే మీటే లేదు, జీటీఎక్స్ కార్డుతో ఎంత తంటాలు పడ్డా లాభం లేదు. జీటీఎక్స్ 10 సిరీస్ వాళ్లకి ఇంకో చిక్కు కూడా ఉంది. కొత్త గేముల కోసం ఎన్విడియా ఇచ్చే డ్రైవర్లు ఆ కార్డులకి 2025 అక్టోబరుతో ఆగిపోయాయి, ఇకపై వచ్చేవి భద్రతా అప్‌డేట్లే. 1650కి ఆ బెంగ ఇంకా లేదు.

స్టీమ్‌లో కొంటే 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల్లోపు ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. మొదటిసారి తెరిచినప్పుడు షేడర్లు (బొమ్మ గీయడానికి కార్డు వాడే చిన్న ప్రోగ్రాములు) సిద్ధం చేసుకుంటూ గేమ్ తినే సమయం, మెనూలో సెట్టింగ్స్ మారుస్తూ గడిపే సమయం కూడా ఆ 2 గంటల్లోకే వస్తాయి. కాబట్టి కథలోకి దిగకముందే బెంచ్‌మార్క్ నడిపి, ఉంచుకోవాలో వద్దో తేల్చుకోండి.