లూసీ ఓబ్రాక్ గురించి ప్రసంగం సిద్ధం చేసుకోవడం ఎలా

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్సును ఆక్రమించిన జర్మన్లను రహస్యంగా ఎదిరించిన స్త్రీలలో లూసీ ఓబ్రాక్ ఒకరు. నెల్లూరులోనో కావలిలోనో ఏదైనా కళాశాల సభలో ఆమె గురించి మాట్లాడవలసివచ్చిన వారికి ఎదురయ్యే చిక్కు ఏమిటంటే, ఆమె కీర్తీ, ద్రోహమంటూ ఆమెపైనా ఆమె భర్తపైనా పడిన నిందా రెండూ 1943లో లియోన్ నగరంలో జరిగిన సంఘటనల నుంచే పుట్టాయి. కనుక ఒకదానిని దాచి రెండవదానిని చెప్పడం కుదరదు.

ముందుగా వివాదం లేని భాగాన్ని సిద్ధం చేసుకోవాలి. 1912లో పుట్టిన లూసీ చరిత్ర అధ్యాపకురాలు; దక్షిణ ఫ్రాన్సులో పనిచేసిన ‘లిబరేషన్’ అనే ప్రతిఘటన దళాన్ని నిలబెట్టినవారిలో ఆమె, ఇంజనీరైన ఆమె భర్త రేమోన్ ఉన్నారు. 1943 జూన్ 21న లియోన్ పక్కనే ఉన్న కాల్యూర్‌లో, ఒక వైద్యుని ఇంట్లో జరగవలసిన రహస్య సమావేశంపై జర్మన్ల రహస్య పోలీసు దళమైన గెస్టపో అధికారి క్లాస్ బార్బీ దాడి చేయించినప్పుడు, ప్రతిఘటన దళాలన్నింటినీ ఏకం చేసిన జాన్ మూలాన్‌తో పాటు రేమోన్ కూడా పట్టుబడ్డాడు. అప్పటికే గర్భవతి అయిన లూసీ తాను అతని భార్యనన్న సంగతి దాచి, పెళ్లి కావలసిన పిల్లనని చెప్పుకొని, మరణశిక్షకు ముందే వివాహం జరిపించమని జర్మన్ అధికారుల దగ్గరకు వెళ్లింది. ఆ సాకుతో సంపాదించిన అవకాశాన్ని వాడుకొని అక్టోబరు 21న సాయుధ సహచరులతో ఖైదీల లారీపై దాడి జరిపి భర్తను విడిపించుకుంది. 1944 ఫిబ్రవరిలో విమానంలో లండన్ చేరాక కొద్దిరోజులకే ఆడపిల్లను ప్రసవించింది. ఈ కథ ఎంత క్లుప్తంగా చెప్పినా వినేవారు కదలకుండా వింటారు. ప్రసంగం పాడయ్యే ప్రమాదం కూడా ఇక్కడే ఉంది.

ఆ తర్వాత ఒక కాగితాన్ని నిలువునా రెండుగా మడిచి, ఎడమవైపు సంఘటన జరిగిన తేదీ, కుడివైపు దానిని ఎవరు ఏ సంవత్సరంలో చెప్పారో రాసుకోండి. నేను మొదటిసారి మాట్లాడినప్పుడు ఈ పని చేయక, ఆమె జ్ఞాపకాలలోని ప్రతి తేదీనీ 1943లోనే రాసినట్లు చదివేశాను. నిజానికి ఆ పుస్తకం వచ్చింది 1984లో. అది దినచర్య రూపంలో ఉన్నందువల్ల, నలభై ఏళ్ల తర్వాతి జ్ఞాపకానికి ఆనాటి కాగితమన్న భ్రమ కలుగుతుంది. రేమోన్ మార్చిలో మొదటిసారి అరెస్టయి మే నెలలో విడుదలైన తేదీ విషయంలో ఆ దంపతుల మాటలకూ దస్త్రాలకూ పొంతన కుదరలేదు. ‘ఓబ్రాక్’ అన్నది ప్రతిఘటనలో అతని మారుపేరు; జర్మన్లు తనను ఓబ్రాక్‌గా గుర్తించారా లేదా అన్నదానిపై రేమోన్ వేర్వేరు సందర్భాలలో వేర్వేరుగా చెప్పాడు. ఈ తేడాలను సభలో దాచవద్దు.

మన జిల్లా శ్రోతలకు ఇది బోధపడాలంటే దూబగుంటను గుర్తుచేయవచ్చు. కలిగిరి దగ్గరి ఆ ఊరి ఆడవాళ్లు సారా అంగడి మూయించిన వృత్తాంతం అక్షరాస్యత వాచకంలో పాఠమై, ఊరూరా పాకి, 1993 నాటి సారా నిషేధం దాకా నడిచింది. జరిగింది వేరు, పాఠమైంది వేరు, ఇప్పుడు మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పుకొనేది వేరు. అంతమాత్రాన ఉద్యమం జరగలేదని ఎవరూ అనరు. పోలికను ఇక్కడితో ఆపాలి, ఎందుకంటే దూబగుంట ఆడవాళ్లపై ద్రోహమనే నింద పడలేదు.

నింద సంగతి చెప్పేటప్పుడు అది ఎవరి నోటినుంచి వచ్చిందో మొదట చెప్పాలి. 1987లో లియోన్‌లో యావజ్జీవ శిక్షపడిన బార్బీ 1991లో జైల్లోనే చనిపోయాడు. రేమోన్ మొదటి అరెస్టు నాడే జర్మన్లకు లొంగిపోయాడని ఆరోపించే పత్రం ఒకటి బార్బీ పేరిట బయటికి వచ్చింది. దానిని ముందుకు తెచ్చినవాడు బార్బీ న్యాయవాది వెర్జెస్. 1997లో షోవీ అనే రచయిత దానిని తన పుస్తకంలో చేర్చి, దంపతుల మాటలలోని పొంతనలేని చోట్లను వరుసగా పేర్చాడు. మరుసటి ఏడు ఫ్రెంచి న్యాయస్థానం అతనిది పరువునష్టమని తీర్పు ఇచ్చింది. 2004లో యూరోపు మానవ హక్కుల న్యాయస్థానం కూడా ఆ తీర్పును తప్పుపట్టలేదు.

అన్నిటికన్నా ఎక్కువ సమయం 1997 మే నెల నాటి సమావేశానికి కేటాయించమని నా సలహా. ఓబ్రాక్ దంపతులే కోరుకొని ఒక దినపత్రిక కార్యాలయంలో చరిత్రకారుల ముందు కూర్చున్నారు. ద్రోహమన్న మాటను చరిత్రకారులు అంగీకరించలేదు, కానీ తేదీలపైనా మాట మార్చడంపైనా నిలదీశారు. నాజీల నిర్బంధ శిబిరమైన ఔష్విట్జ్‌లో ప్రాణాలు కోల్పోయిన రేమోన్ తల్లిదండ్రుల ప్రస్తావన కూడా వచ్చింది. ఆ ప్రశ్నలు విచారణలా సాగాయని ఇతర చరిత్రకారులు తర్వాత నిరసన తెలిపారు. నా మటుకు నాకు, ప్రశ్నలు సమంజసమైనవే, అడిగిన తీరు మాత్రం కఠినమైనది అనిపిస్తుంది.

చివరి పది నిమిషాలు ప్రశ్నలకు వదిలేయండి. “అయితే ఆమె అబద్ధమాడిందా?” అని ఎవరైనా తప్పక అడుగుతారు. అప్పుడు ఆ రెండు మడతల కాగితం తీసి, కుడివైపు సంవత్సరాలను పైకి చదవండి.