పెడల్ కొనేముందు మీ చేతిని ఇలా పరీక్షించుకోండి

నేను నెల్లూరు చుట్టుపక్కల పెళ్లి ఆర్కెస్ట్రాల్లో ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తాను. ప్రోగ్రాం అయ్యాక కుర్రాళ్లు స్టేజీ ఎక్కి అడిగేది ఒకటే: "అన్నా, నువ్వు ఏ పెడల్ వాడతావు?" పెడల్ అంటే కాలితో నొక్కి గిటార్ శబ్దాన్ని మార్చే చిన్న పెట్టె. బెండ్ (తీగను పక్కకు లాగి స్వరం పెంచడం) ఎలా చేశావని అడిగేవాళ్లు తక్కువ. నన్నడిగితే వేళ్లే ముందు, టోన్ (శబ్దం తీరు) తర్వాత.

మొదట ఆంప్ (యాంప్లిఫయర్) మీద గెయిన్, అంటే శబ్దానికి గరగర తెచ్చే నాబ్, పూర్తిగా తగ్గించి, తెలిసిన పాట పల్లవి నెమ్మదిగా వాయిస్తూ ఫోన్‌లో రికార్డ్ చేయండి. డిస్టార్షన్‌లో, అంటే ఆ గరగరలో, మెల్లగా మీటినా గట్టిగా మీటినా దాదాపు ఒకే మోత వస్తుంది, తప్పులు దాక్కుంటాయి. గరగర లేని క్లీన్ శబ్దంలో ఒక్కటీ దాగదు. తర్వాత గెయిన్ పెంచి అదే పల్లవి వాయించండి. ఇప్పుడు మీటని తీగలు కూడా గోల చేస్తాయి. లావు తీగల్ని కుడి అరచేతి అంచుతో, సన్నవాటిని ఎడమ చూపుడువేలితో అదిమిపెట్టడం రావాలి.

అసలు పరీక్ష బెండ్. మూడో తీగను తొమ్మిదో ఫ్రెట్ (గిటార్ మెడ మీది మెట్టు) దగ్గర నొక్కి మీటి ఆ స్వరాన్ని చెవిలో పెట్టుకోండి. ఇప్పుడు ఏడో ఫ్రెట్ మీద ఉంగరపువేలు పెట్టి, వెనక రెండు వేళ్ల సాయంతో మణికట్టు తిప్పుతూ తీగను అక్కడిదాకా లాగండి. చాలామంది కాస్త కిందే ఆగిపోతారు. వినేవాళ్లకు కారణం తెలియదు గానీ అపశ్రుతి మాత్రం తగులుతుంది. మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకాలు పలికించింది కూడా వేళ్లతోనే కదా! ఆయన రికార్డింగులు వినండి, బెండ్ ఎక్కడ ఆగాలో చెవికి పడుతుంది.

అలాగని టోన్‌ను కొట్టిపారేయలేం. ఇంగ్లిష్ రాక్ గిటారిస్ట్ జెఫ్ బెక్ పిక్ (తీగలు మీటే చిన్న ముక్క) మానేసి వేళ్లతో మీటుతూ, చిటికెనవేలితో వాల్యూమ్ నాబ్ తిప్పేవాడు. అందులో టోన్ ఏది, నైపుణ్యం ఏది? విడదీయడం నావల్ల కాదు. లావు తీగలుంటేనే గొప్ప టోన్ అనే మాట మాత్రం నమ్మకండి. అమెరికన్ బ్లూస్ గిటారిస్ట్ స్టీవీ రే వాన్ 13 గేజ్ (బాగా లావు) తీగల శ్రుతిని అర స్వరం కిందికి దించి వాయించాడు. బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ గిటారిస్ట్ టోనీ అయోమీ ఫ్యాక్టరీ ప్రమాదంలో రెండు వేళ్ల కొసలు పోయాక సన్న తీగలకు మారాడు. ఇద్దరివీ దిట్టమైన శబ్దాలే.

ఇక ఆంప్. ఇంట్లో ఒంటరిగా వాయించేటప్పుడు మిడ్ (మధ్య స్థాయి శబ్దం) తగ్గించి బాస్ పెంచితే బ్రహ్మాండంగా ఉంటుంది. స్టేజీ మీద కీబోర్డు, ప్యాడ్లు, డోలక్ కలిసేసరికి ఆ గిటార్ మాయమైపోతుంది. అక్కడ బాస్, గెయిన్ తగ్గించి మిడ్ పెంచండి. సింగిల్ కాయిల్ పికప్ (తీగల కదలికను పట్టే ఒంటి తీగచుట్ట) సీరియల్ లైట్ల దగ్గర ఝుమ్మంటుంది. గిటార్ పట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిరగండి, మోత తగ్గే దిక్కు ఒకటి దొరుకుతుంది. మరీ ఇబ్బందైతే ఆ మోతను అణిచే జంట చుట్టల పికప్, హంబకర్, ఉన్న గిటార్ తీసుకెళ్లండి. మైపాడు బీచ్ వైపు ప్రోగ్రాం అయితే వాయించగానే తీగలు పొడి గుడ్డతో తుడవండి. ఆ ఉప్పుగాలికి తుప్పు పట్టిన తీగ మీద బెండ్ జారదు.