సస్పెన్స్ కథ రాద్దాం - 3: తప్పు శారదదా, రచయితదా?

కిందటి పాఠంలో శారదను తయారు చేసుకున్నాం. విశాఖ లాసన్స్ బే కాలనీలో నాలుగో అంతస్తు ఫ్లాట్, సముద్రం వైపు బాల్కనీ, మంచం పట్టిన అత్తగారు, ఓడ ఉద్యోగంలో నెలల తరబడి ఇంటికి రాని భర్త. కథంతా శారదే "నేను" అంటూ చెబుతుంది. రాత్రిపూట ఎవరో ఇంట్లోకి వస్తున్నారనీ, అత్తగారి నిద్రమాత్రలు తగ్గిపోతున్నాయనీ ఆమె భయం. రాసేవాళ్ళకు తెలిసిన నిజం వేరు. అదనపు మాత్రలు పాలల్లో కలిపి పట్టిస్తున్నది శారదే. ఆ సంగతి ఆమె తనకు తాను కూడా ఒప్పుకోదు.

శారదను పూర్తిగా నమ్మకూడదని పాఠకుడికి ఎలా తెలియాలి? ఈ పాఠమంతా దాని గురించే. కథలో శారద తప్ప ఇంకో గొంతు లేదు కాబట్టి చాలామంది ఇక్కడ ఇరుక్కుంటారు. ముందు ఈ పేరా చదవండి.

"అత్తయ్య రాత్రి మళ్ళీ పాలు తాగలేదు. గ్లాసు దగ్గరికి తీసుకెళ్తే మొహం గోడవైపు తిప్పేసుకుంది. పెద్ద వయసు కదా, చాదస్తం. బతిమాలి బతిమాలి పన్నెండింటికి పట్టించాను. పడుకునే ముందు షీట్ చూశాను, ఏడు మాత్రలున్నాయి. పొద్దున చూస్తే ఐదు. తలుపు గడియ వేసినట్టే ఉంది. లక్ష్మి గిన్నెలు తోముతూ, 'ఏటమ్మా, పెద్దమ్మగోరు నేనిస్తే గడగడా తాగేత్తారు, మీరిస్తేనే తాగరేటి?' అంది. జీతం పెంచమని అడగడానికి ముందు ఇలాంటివి మాట్లాడుతుంది. నిన్న సాయంత్రం ఒక్కటే కాస్త హాయిగా గడిచింది. బాల్కనీలో కూచుని సముద్రం మీద ఎర్రటి సూర్యుణ్ణి చూస్తూ ఉండిపోయాను. పాల ప్యాకెట్ల కుర్రాడు బెల్ కొట్టేదాకా లేవలేదు."

ఇందులో శారద ఒక్క సంఘటన కూడా కల్పించలేదు. అత్తగారు మొహం తిప్పుకోవడం నిజం. లక్ష్మి ఆ మాట అనడం నిజం. మాత్రల లెక్క నిజం. తప్పు ఎక్కడుందంటే, ప్రతి నిజానికీ పక్కనే ఆమె తగిలించిన కారణంలో ఉంది. మొహం తిప్పుకుంటే చాదస్తం, పనమ్మాయి ఉన్నమాట చెబితే జీతం కోసం. చాదస్తం అన్న ఒక్క మాట తీసేసి ఆ వాక్యాలు మళ్ళీ చదవండి. కోడలి చేతి పాలంటే భయపడుతున్న ముసలావిడ కనిపిస్తుంది. నన్నడిగితే ఈ రకం కథలో నూటికి తొంభై పాళ్ళ పని ఇదే: జరిగినదాన్ని సరిగ్గా చూపించి, దాని అర్థాన్ని కథకురాలి చేత తప్పుగా చెప్పించడం. సంఘటననే అబద్ధంగా రాస్తే పాఠకుడికి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. చివర్లో ట్విస్ట్ వచ్చినప్పుడు మోసపోయానన్న కోపమే వస్తుంది.

ఇప్పుడు ఆ సూర్యుడి సంగతి. విశాఖలో పెరిగినవాళ్ళు అక్కడ తప్పకుండా ఆగుతారు. మన సముద్రం తూర్పున ఉంది. ఆర్కే బీచ్ అయినా, రుషికొండ అయినా, భీమిలి అయినా సూర్యుడు నీళ్ళలోంచి పైకి రావడమే గానీ దిగడం ఉండదు. సాయంత్రమైతే ఊరి వెనకాల సింహాచలం కొండల వైపుకి వెళ్ళిపోతాడు. మరి శారద చూసిన ఎర్రటి సూర్యుడు ఏ పూటది? పాల కుర్రాడి బెల్‌ను దానికి కలపండి. ఆమె సాయంత్రం అనుకున్నది తెల్లవారుజాము. అంటే రాత్రంతా నిద్రపోలేదు. రోజులు, పూటలు కలిసిపోయేంతగా అలిసిపోయింది. ఆ అలసటలో ఏం చేసిందో ఆమెకే సరిగ్గా గుర్తులేదు. ఒక్క పూట తారుమారుతో ఇంత చెప్పొచ్చు.

కానీ ఇందులో పెద్ద ప్రమాదం ఉంది. "ఈ రచయిత ఎప్పుడైనా వైజాగ్ చూశాడా?" అని పుస్తకం మూసేసే పాఠకుడూ ఉంటాడు. తప్పు శారదదని కాకుండా మీదని అనుకుంటాడు. 1961లో అమెరికన్ విమర్శకుడు వేన్ బూత్ ఇలాంటి కథకుల గురించి రాస్తూ కొలవమన్నది కూడా ఈ దూరాన్నే: కథ చెప్పే గొంతుకూ, ఆ కథ వెనక నిలబడ్డ రచయిత గొంతుకూ మధ్య దూరం. కథకురాలు ఎంత తడబడితే రచయిత అంత నిక్కచ్చిగా ఉండాలి. ఊరు, దిక్కులు, తారీఖులు, బస్సు వెళ్ళే దారి, ఏవీ మీ పక్కనుంచి పొరపాటు కాకూడదు. పదిచోట్ల మీరు కరెక్ట్‌గా ఉంటేనే పదకొండో చోట తప్పు శారదదని తెలుస్తుంది.

అందుకని సూర్యుడి క్లూకి ముందే ఒక చిన్న ఏర్పాటు చేయాలి. రెండో పేజీలో శారద చేతే ఫిర్యాదు చేయించండి: "పొద్దున్నే ఎండ తిన్నగా బాల్కనీలోంచి మంచం మీదికి కొడుతోందని జగదాంబ దగ్గర మందపాటి కర్టెన్లు కొన్నాను." అంతే. ఆ వాక్యం అక్కడ కర్టెన్ల గురించే అనిపించాలి, పాఠకుడు దాటిపోవాలి. ఆరు పేజీల తర్వాత సాయంత్రం సూర్యుడు అదే బాల్కనీకి ఎదురుగా వచ్చినప్పుడు అది పనిచేస్తుంది. విశాఖ తెలియని పాఠకుడికి కూడా న్యాయం జరుగుతుంది, ఎందుకంటే కావలసిన సాక్ష్యం కథలోనే ఉంది.

తారీఖులతోనూ ఇదే చేయొచ్చు. కురుసుర సబ్‌మెరైన్ బీచ్‌లో మ్యూజియంగా తెరుచుకున్నది 2002లో. 1998లో పెళ్ళైన కొత్తలో దాని పక్కన నిలబడి ఫొటో దిగామని ఎవరైనా చెబితే ఆ జ్ఞాపకాన్ని అనుమానించాలి. ఇవి వాడితే కథకు ఒకటి చాలు. ఎక్కువైతే క్విజ్ అయిపోతుంది.

శారద భర్త దగ్గరికి వద్దాం. నాకు ఈ కథలో చాలా ఇష్టమైన పాత్ర అతను, ఫోన్‌లో తప్ప కనిపించకపోయినా. మాత్రలు తగ్గుతున్నాయని శారద మొదటిసారి చెప్పినప్పుడు అతను ఏమడగాలి? "ఎలా తగ్గుతున్నాయి?" అనొచ్చు. "ఎవరు తీస్తున్నారు?" అని కూడా అనొచ్చు. రెండో ప్రశ్నే అడిగించండి. 1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు కారు ప్రమాదం ఫిల్ము చూపించారు. కొందరిని కార్లు "తగిలినప్పుడు" ఎంత వేగంతో ఉన్నాయని అడిగారు, ఇంకొందరిని "బద్దలయ్యేలా గుద్దుకున్నప్పుడు" అన్న అర్థం వచ్చే మాటతో అడిగారు. వారం తర్వాత పగిలిన అద్దం చూశారా అని అడిగితే, మొదటి 50 మందిలో 7గురు, రెండో 50 మందిలో 16 మంది చూశామన్నారు. ఫిల్ములో పగిలిన అద్దమే లేదు. ప్రశ్నలో ఉన్న ఒక్క మాట జ్ఞాపకంలోకి దూరింది.

మీ కథలో "ఎవరు" అన్న మాట అలాగే దూరాలి. ఆ ఫోన్‌కి ముందు పేజీల్లో శారద అడుగుల చప్పుడు గురించి ఒక్కసారి కూడా చెప్పకూడదు. ఫోన్ తర్వాత రెండో రాత్రి నుంచి చప్పుళ్ళు మొదలవ్వాలి. ఇంకో రెండు రోజులకు "మొదట్నుంచీ వింటున్నాను" అనాలి. వెనక్కి తిప్పి చూసిన పాఠకుడికి అక్కడే టెన్షన్ పుడుతుంది.

చివర్లో "ఆమెకు పిచ్చి" అని తేల్చేయకండి, దయచేసి. అది జబ్బుతో బతికేవాళ్ళను అవమానించడమే కాదు, కథను కూడా చంపేస్తుంది. శారద ఆరోగ్యంగానే ఉంది. ఏళ్ళ తరబడి ఒంటరిగా సేవ చేసింది, ఒక్క రాత్రి తెరిపిగా పడుకోవాలనుకుంది. బంధువులంతా ఆమెను "బంగారంలాంటి కోడలు" అంటారు. ఇన్నేళ్ళ చాకిరీకి ఆమెకు దక్కింది ఆ ఒక్క మాటే. మాత్రల సంగతి ఒప్పుకుంటే అది కూడా పోతుంది. అందుకే దొంగను పుట్టించుకుంది. ఆమె అబద్ధం దేన్ని కాపాడుతోందో మీకు తెలియకపోతే రాయడం మొదలుపెట్టకండి.

ఈ వారం అభ్యాసం: కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు ఒక రాత్రి ఆ ఫ్లాట్‌లో నిజంగా జరిగింది గంట గంటకూ రాయండి, మాత్రల లెక్కతో సహా. కుడివైపు ప్రతిదానికీ శారద చెప్పే కారణం రాయండి. ఆమె అసలేమీ చెప్పకుండా దాటేసే గంట ఒకటి ఉండాలి, అక్కడ కుడివైపు ఖాళీగా వదిలేయండి. తర్వాత ఈ కాగితం చూస్తూ భర్తతో ఫోన్ సంభాషణ ఒక పేజీ రాయండి. అత్తగారికి ఒక్క డైలాగైనా ఇవ్వండి, పక్క గదిలోంచి. వచ్చే పాఠంలో లక్ష్మికి అనుమానం నిజమయ్యే రోజు రాస్తాం, దానికి ఈ ఖాళీ గంట కావాలి.